రాయి వయసు చెప్పే రవ్వంత గుల్లలు

"ఈ రాతి పొర 6.6 కోట్ల ఏళ్ల నాటిది." వార్తల్లో ఇలాంటి వాక్యం తరచూ కనిపిస్తుంది. చదివేసి ముందుకెళ్లిపోతాం. పక్కనున్న పిల్లవాడు "అదెలా తెలుసు?" అని అడిగాడో, తడబాటు మొదలవుతుంది. చాలామంది నోట ముందుగా వచ్చే జవాబు కార్బన్ డేటింగ్. అది ఇక్కడ పనికిరాదు. కార్బన్-14 సుమారు 5,730 ఏళ్లకు సగానికి తగ్గిపోతుంది. 50 వేల ఏళ్లు దాటిన వస్తువులో కొలిచేంత మిగలదు. కోట్ల ఏళ్ల ముచ్చట దాని చేతిలో లేదు.

కొంచెం చదువుకున్నవాళ్లు చెప్పే రెండో జవాబు యురేనియం. ఇది సగం నిజం. లావా చల్లారి గట్టిపడిన రాయిలో జిర్కాన్ లాంటి ఖనిజాలుంటే, వాటిలో యురేనియం ఎంత సీసంగా మారిందో కొలిచి వయసు చెప్పొచ్చు. అవక్షేప శిల పుట్టుక అలాంటిది కాదు. ఎక్కడో కొండ అరుగుతుంది. ఆ ఇసుకా మట్టీ నీళ్లతో కొట్టుకొచ్చి సముద్రం అడుగునో సరస్సు అడుగునో పేరుకుంటాయి. పైబరువుకు నలిగి నలిగి రాయవుతాయి. ఇసుకరాయి, షేల్ (మెత్తటి మట్టి గట్టిపడిన పలకరాయి) అలా పుట్టినవే. అందులోంచి ఒక రేణువు తీసి వయసు కడితే తేలేది ఆ రేణువు పుట్టిన కొండ వయసు. పాత ఇల్లు కూల్చిన ఇటుకలతో కొత్త గోడ కట్టారనుకోండి, ఇటుకను ఎంత పరీక్షించినా గోడ ఎప్పుడు లేచిందో తెలియదు. గోడ కడుతున్న రోజున తడి సిమెంటులో పడి ఇరుక్కుపోయినదేదైనా దొరికితే అది చెబుతుంది.

అవక్షేప శిలల్లో అలా ఇరుక్కుపోయినవే శిలాజాలు. వాటిలోనూ కంటికి ఆననంత చిన్నవి, అంటే సూక్ష్మ శిలాజాలు, ఈ పనికి అన్నిటికన్నా ఎక్కువగా అక్కరకొస్తాయి.

వరస వేరు, వయసు వేరు

మొదట ఒక చిక్కుముడి విప్పుకోవాలి. శిలాజం తనంతట తాను ఏళ్ల లెక్క చెప్పదు. అది చెప్పేది వరస మాత్రమే: ఇది ముందు, అది తర్వాత. ఈ తేడా మనసులో ఉంచుకుంటే ఈ శాస్త్రం మీద వచ్చే అపోహల్లో సగం వాటంతటవే తొలగిపోతాయి.

కదిలించని పొరల్లో కిందిది పాతది, పైది కొత్తది. ఇది 17వ శతాబ్దం నుంచే తెలిసిన సూత్రం. ఇంగ్లండ్‌లో కాలువల తవ్వకాల మీద సర్వేయరుగా తిరిగిన విలియం స్మిత్ దీనికి ఇంకో ముక్క కలిపారు. ఒక్కో పొరకు తనదైన శిలాజాల గుంపు ఉందని, ఎక్కడ తవ్వినా ఆ గుంపులు అదే వరసలో వస్తాయని గమనించి, 1815లో ఇంగ్లండ్, వేల్స్‌ల భూగర్భ పటం అచ్చు వేయించారు. పరిణామ సిద్ధాంతానికి ఇంకా నలభై ఏళ్లకు పైగా సమయం ఉన్న రోజులవి. అంటే ఈ వరస ఏ సిద్ధాంతం లోంచీ పుట్టలేదు, నేలను చూసి రాసుకున్నది. కారణం తర్వాత తెలిసింది: ఒకసారి అంతరించిన జాతి మళ్లీ పుట్టదు కాబట్టి వరస వెనక్కి తిరగదు.

ఇక్కడ మూడు మాటలు చాలు. ఒక జాతి రాళ్లలో మొదటిసారి కనబడే చోటు దాని తొలి జాడ. చివరిసారి కనబడే చోటు తుది జాడ. ఇలాంటి రెండు జాడల మధ్య ఉన్న రాతి మందమే జోన్. 1850లలో జర్మన్ పండితుడు ఆల్బర్ట్ ఆపెల్ జురాసిక్ రాళ్లను ఇలా జోన్లుగా విడగొట్టి చూపించారు. ఆయన వాడుకున్నవి ముఖ్యంగా అమ్మోనైట్లు, చేతిలో పట్టుకుని చూడగలిగే చుట్టగుల్లలు.

చిన్నవే ఎందుకు అక్కరకొచ్చాయి

డైనోసార్ ఎముక దొరికితే పత్రికల మొదటి పేజీకెక్కుతుంది. పొరల వరస తేల్చడానికి మాత్రం అది పెద్దగా ఉపయోగపడదు. అరుదుగా దొరుకుతుంది, ఒక ఖండానికే పరిమితమై ఉంటుంది. మంచి గుర్తు కావాలంటే ఆ జీవి విస్తారంగా వ్యాపించాలి, లెక్కకు మిక్కిలిగా ఉండాలి, జాతిగా తక్కువ కాలమే ఉండి అంతరించిపోవాలి, పక్క జాతితో పొరపడకుండా పోల్చుకోగలగాలి. సముద్రంలో తేలుతూ బతికే ఏకకణ జీవులు ఈ నాలుగింటికీ సరిపోతాయి. ప్రవాహాలు వాటిని మహాసముద్రాల నిండా చల్లుతాయి. చచ్చాక వాటి గుల్లలు అడుగుకు వానలా రాలుతాయి. గుప్పెడు మెత్తటి సున్నపు బురదలో వేల గుల్లలు ఉంటాయి.

ఇంకో కారణం పూర్తిగా వ్యవహారానికి సంబంధించినది. చమురు కోసం బోరు దింపేటప్పుడు రాయి నుగ్గై పైకొస్తుంది. ఆ నుగ్గులో అమ్మోనైట్ మిగలదు. అర మిల్లీమీటరు గుల్ల మాత్రం ఏ దెబ్బా తగలకుండా బయటపడుతుంది. 1921లో అమెరికాలో ఒక శాస్త్రవేత్తల సమావేశంలో ఎస్తర్ ఆప్లిన్ ఈ సంగతే చెబితే, ఇప్పుడే కాలేజీ దాటొచ్చిన పిల్ల మాకు చెప్పొచ్చిందా అన్నట్టు ఒక ప్రొఫెసర్ ఎద్దేవా చేశారు. ఆమె, ఆల్వా ఎలిసర్, హెడ్విగ్ నైకర్ ముగ్గురూ వేర్వేరు చమురు కంపెనీల్లో పనిచేస్తూనే, టెక్సాస్, లూసియానా తీరం కింది పొరలను సూక్ష్మ శిలాజాలతో విడగొట్టి 1925లో కలిసి వ్యాసం ప్రచురించారు. ఆ తర్వాత చమురు కంపెనీలన్నీ మైక్రోస్కోపుల వెంట పడ్డాయి.

ఎవరెవరు ఈ గుంపులో ఉన్నారు

ఎక్కువగా పనికొచ్చేవి ఫొరామినిఫెరా. ఏకకణ జీవులే అయినా సున్నపు గదులు ఒకదాని తర్వాత ఒకటి కట్టుకుంటూ పెరుగుతాయి. కొన్ని నీటిలో తేలుతాయి, కొన్ని అడుగున బతుకుతాయి. చాలావరకు ఒక మిల్లీమీటరు లోపే. నమ్యులైట్ల లాంటి కొన్ని మాత్రం నాణెం అంత అవుతాయి. ఈజిప్టు పిరమిడ్ల సున్నపురాయి నిండా ఇవే. ఆ రాతి చెక్కుల్లో పప్పుగింజల్లా కనబడే వీటిని, పనివాళ్లు తినగా మిగిలిన తిండి రాయైపోయిందని జనం చెప్పుకుంటారని రెండు వేల ఏళ్ల కిందటే గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాశారు. 

వీటికన్నా చాలా చిన్నవి కోకోలిథ్‌లు, కొన్ని మైక్రాన్ల సున్నపు బిళ్లలు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఒక రకం నాచు తన ఒంటి చుట్టూ వీటిని కవచంలా పేర్చుకుంటుంది. చాక్ అనే తెల్లటి సున్నపురాయిలో అధిక భాగం ఇవే. రేడియోలేరియా, డయాటమ్‌లు అనే ఏకకణ జీవుల గుల్లలు సిలికావి. పుప్పొడి, సిద్ధబీజాలు నేల మీది మొక్కలవి. గాలికీ ఏటికీ కొట్టుకుపోయి సముద్రపు బురదలోనూ పడతాయి కాబట్టి, నేల మీది పొరకూ సముద్రపు పొరకూ వంతెన వేయగలిగేవి ముఖ్యంగా ఇవే.

కోనోడాంట్ల కథ వేరు. పళ్లలా ఉండే ఈ ముక్కలను 1856లోనే వర్ణించారు. అవి ఏ జంతువువో మాత్రం 1983 దాకా తేలలేదు. ఆ ఏడు, స్కాట్లండ్‌లో దొరికిన ఒక రాతి పలక మీద ఈల్ చేపలాంటి మెత్తటి శరీరపు అచ్చు, దాని తల దగ్గర ఈ పళ్లు ఉన్నట్టు వెల్లడైంది. జంతువు ఏదో తెలియకుండానే నూరేళ్లకు పైగా దాని పళ్లతో పొరల వరస తేల్చారన్నమాట. గుర్తుపట్టగలిగితే చాలు, పరిచయం అక్కర్లేదు.

ఒక రాతిముక్క బల్ల మీదికి వచ్చాక

మెత్తటి సున్నపు మట్టిరాయి అనుకుందాం. చిన్నచిన్న ముక్కలుగా కొట్టి రాత్రంతా నీళ్లలో నానబెడతారు. మొండికేస్తే హైడ్రోజన్ పెరాక్సైడ్ కలుపుతారు. తెల్లారాక 63 మైక్రాన్ల జల్లెడ మీద పోసి సన్నటి ధార కింద కడుగుతారు. బురదంతా పోయి జల్లెడలో చిటికెడు తెల్లటి పొడి మిగులుతుంది. ఆరబెట్టి, గళ్లు గీసిన నల్ల పళ్లెంలో పలచగా చల్లి మైక్రోస్కోపు కింద పెడితే, ఆ పొడి కాస్తా ద్రాక్షగుత్తుల్లా, నత్తగుల్లల్లా, బుడగల వరసల్లా విడిపోతుంది. తడిపిన సన్న కుంచె కొనతో ఒక్కో గుల్లనూ ఏరి స్లైడు గళ్లలో అతికిస్తారు. గట్టి సున్నపురాయిలో కోనోడాంట్లు కావాలంటే పలచటి ఎసిటిక్ ఆమ్లంలో రాయిని కరిగిస్తారు. రాయి పోతుంది, పళ్లు మిగులుతాయి. పుప్పొడికైతే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కావాలి, అది ప్రాణాంతకమైన వ్యవహారం.

ఇందులో నాకు ముచ్చటగా అనిపించే జాగ్రత్త ఒకటుంది. ఒక నమూనా కడిగాక జల్లెడను మెథిలీన్ బ్లూ రంగునీళ్లలో ముంచుతారు. కళ్లకు కనబడకుండా జల్లెడ కన్నాల్లో ఇరుక్కున్న పాత నమూనా గుల్లలు నీలంగా మారతాయి. తర్వాతి నమూనాలో నీలి గుల్ల కనబడిందా, అది చుట్టమే గాని ఇంటిమనిషి కాదని పక్కకు తీసేస్తారు. ఒక్క గుల్ల తప్పుగా కలిస్తే రాయి వయసు లక్షల ఏళ్లు అటూ ఇటూ అయిపోతుంది మరి.

ఈ ఏరడంలో హాంట్‌కెనినా అనే ఫొరామినిఫెరా దొరికిందనుకోండి. దీన్ని ఒకసారి చూస్తే మరిచిపోరు, ఒక్కో గది నుంచి ఒక్కో ముల్లు పొడుచుకొచ్చి నక్షత్రంలా ఉంటుంది. ఈ జాతులు అంతరించిన చోటే ఇయోసీన్ అనే భూగర్భ యుగం ముగిసి ఒలిగోసీన్ యుగం మొదలవుతుంది. ఇటలీలోని మసిన్యానో దగ్గర ఆ సరిహద్దును అంతర్జాతీయంగా ఖాయం చేశారు, దాని వయసు సుమారు 3.39 కోట్ల ఏళ్లు. కాబట్టి మీ నమూనాలో హాంట్‌కెనినా ఉండి, అది పాత రాయి నుంచి కొట్టుకొచ్చినది కాకపోతే, ఆ పొర అంతకన్నా కొత్తది కాదు. అది లేకపోతే? ఇక్కడే తొందరపడకూడదు. లేకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి, ఆ సంగతికి మళ్లీ వస్తాను.

రెండు బోర్లను జత కలపడం: ఒక లెక్క

వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు బోర్లలో ఏ లోతు ఏ లోతుకు సమానం? దీన్నే పొరల జతపరచడం అంటారు. రాతి రంగును, రకాన్ని చూసి జతచేస్తే మోసపోతాం. సముద్రం మెల్లగా నేల మీదికి ఎక్కుతుంటే తీరపు ఇసుక కూడా దానితోపాటే జరుగుతుంది. ఒకే ఇసుకరాయి ఒక చివర పాతది, ఇంకో చివర కొత్తది అవుతుంది.

ఊహించుకున్న అంకెలతో చూద్దాం. మొదటి బోరులో అ, ఆ, ఇ, ఈ, ఉ అనే ఐదు శిలాజ జాడలు వరసగా 410, 360, 300, 240, 200 మీటర్ల లోతుల్లో దొరికాయి. రెండో బోరులో అవే జాడలు 255, 230, 200, 200, 180 మీటర్ల దగ్గర ఉన్నాయి.

అ నుంచి ఆ దాకా మొదటి బోరులో 50 మీటర్లు, రెండో దాంట్లో 25. ఆ నుంచి ఇ దాకా 60, 30. అంటే రెండో చోట బురద సగం వేగంతో పేరుకుంది. 'ఈ' నుంచి 'ఉ' దాకా కూడా 40, 20, అదే నిష్పత్తి. మరి 'ఇ' నుంచి 'ఈ' దాకా? మొదటి బోరులో 60 మీటర్ల రాయి ఉంది, రెండో దాంట్లో సున్నా. అక్కడ 200 మీటర్ల లోతులో రాయి చూడ్డానికి అతుకు లేకుండా ఉండొచ్చు, కాని ఆ గీత దగ్గర కాలం మాయమైంది. ఆ రోజుల్లో అక్కడ ఏమీ పేరుకోలేదు, లేదా పేరుకున్నది కోసుకుపోయింది. ఒక బోరు లోతులను అడ్డంగా, రెండోదాని లోతులను నిలువుగా పెట్టి గ్రాఫు గీస్తే గీత వాలు వేగాన్నీ, చదునైన మెట్టు ఈ లోటునూ చూపిస్తాయి. 1964లో అలన్ షా ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది.

ఇంతవరకు ఎక్కడా ఏళ్లు రాలేదని గమనించండి. ఇప్పుడు మొదటి బోరులో రెండు అగ్నిపర్వత బూడిద పొరలు దొరికాయనుకుందాం. 390 మీటర్ల దగ్గరిది 3.50 కోట్ల ఏళ్లది, 210 మీటర్ల దగ్గరిది 3.20 కోట్ల ఏళ్లది. 180 మీటర్లు పేరుకోవడానికి 30 లక్షల ఏళ్లు పట్టింది, అంటే లక్ష ఏళ్లకు 6 మీటర్లు. 300 మీటర్ల దగ్గరున్న ఇ, పై బూడిదకు 90 మీటర్లు కింద ఉంది, కాబట్టి 15 లక్షల ఏళ్లు పాతది: 3.35 కోట్లు. 'ఈ' అనే జాడకు అదే లెక్కన 3.25 కోట్లు. రెండో బోరులో మాయమైన కాలం 10 లక్షల ఏళ్లు. రెండో బోరులో బూడిద రవ్వంత కూడా లేదు. అయినా దాని పొరలకు వయసు వచ్చింది, గుల్లలే మోసుకొచ్చాయి.

ఈ లెక్కలో ఒక షరతు దాగి ఉంది. రెండు బూడిదల మధ్య బురద ఒకే వేగంతో పేరుకుందని ఒప్పేసుకున్నాం. నిజంలో అలా ఎప్పుడూ ఉండదు. అందుకే రెండు బూడిదలతో సరిపెట్టుకోరు, వీలైనన్ని ఆధారాలు పోగేస్తారు.

బోరులోని గుల్లలు చేసే మోసాలు

బోరు నుంచి వచ్చే నుగ్గుతో ఒక పేచీ ఉంది. కింద తవ్వుతుంటే పైగోడల నుంచి పెళ్లలు రాలి కలిసిపోతాయి. 2,000 మీటర్ల నుగ్గులో 1,500 మీటర్ల గుల్ల కనబడొచ్చు. అందువల్ల చమురు పరిశ్రమలో పనిచేసేవాళ్లు లెక్కను తలకిందులు చేసుకున్నారు. పైనుంచి కిందికి దిగుతుంటే ఒక జాతి మొదట ఎదురయ్యే చోటును నమ్ముతారు, అది నిజానికి ఆ జాతి తుది జాడ. కింద దాని తొలి జాడ ఎక్కడో నుగ్గు చూసి చెప్పడం కష్టం, ఎందుకంటే పైనుంచి రాలిన గుల్లలు ఎంత లోతుకైనా వస్తూనే ఉంటాయి.

దీనికి ఎదురు మోసం పాత గుల్లలు కొత్త పొరలోకి చేరడం. సముద్రగర్భం కోసుకుపోయినప్పుడు పాత రాతిలోని గుల్లలు లేచి కొత్త బురదలో పడతాయి. కోకోలిథ్‌లు మరీ చిన్నవి కాబట్టి వాటికి ఇది మామూలే. అరిగిన అంచులు, వేరే రంగు, తోటి గుల్లలతో కుదరని కాలం చూసి పసిగట్టాలి. నమూనాలో వెయ్యి పాత గుల్లలూ ఒకే ఒక్క కొత్త గుల్లా ఉంటే, ఆ ఒక్కటీ పైనుంచి రాలింది కాదని తేలితే, పొర వయసు ఆ ఒక్కదాని మాటే. ఇక్కడ మెజారిటీ చెల్లదు.

ఇన్ని చిక్కులున్నా పని ఆగలేదు. ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య సముద్రం కింద సొరంగం వేసినప్పుడు, తవ్వడానికి అనువైన చాక్ మార్ల్ (మట్టి కలిసిన చాక్) పొరను దాటిపోకుండా చూసుకోవాల్సి వచ్చింది. కంటికి ఒకేలా కనబడే చాక్‌లో ఏ పొర ఏదో విడదీయడానికి ఫొరామినిఫెరానూ వాడుకున్నారు. ఉత్తర సముద్రపు చాక్ చమురు క్షేత్రాల్లో అడ్డంగా బోరు కొట్టేటప్పుడు, రిగ్గు మీదే స్లైడు చూసి డ్రిల్లు కాస్త పైకా కిందికా అని చెప్పేవాళ్లున్నారు.

"రాయితో శిలాజానికి, శిలాజంతో రాయికి": ఇది గుండ్రటి వాదమేనా

ఈ విమర్శ తరచూ వినబడుతుంది, అడగదగ్గ ప్రశ్నే. శిలాజం వయసు రాయి చెబితే, రాయి వయసు శిలాజం చెబితే, ఇద్దరు దొంగలు ఒకరికొకరు సాక్ష్యం చెప్పుకున్నట్టు కాదా?

వరస వేరు, వయసు వేరు అని మొదట చెప్పుకున్నది ఇక్కడ పనికొస్తుంది. వరస వచ్చింది పొరల అమరిక నుంచి. ఏళ్లు వచ్చేవి ప్రధానంగా మూడు చోట్ల నుంచి, వాటిలో దేనికీ శిలాజంతో పుట్టుక సంబంధం లేదు. ఒకటి, బూడిద పొరల్లోని జిర్కాన్లు. రెండు, భూమి అయస్కాంత ధ్రువాలు తారుమారైన గుర్తులు. మూడు, భూకక్ష్యలోని చిన్న మార్పుల వల్ల రాతి పొరల్లో పదేపదే వచ్చే లయ, దాన్ని ఖగోళ లెక్కలతో సరిపోలుస్తారు. నిజం చెప్పాలంటే ఇవీ పూర్తిగా సొంత కాళ్ల మీద నిలబడవు. అయస్కాంత తారుమార్లన్నీ ఒకేలా ఉంటాయి. ఇది ఎన్నో తారుమారో తెలియాలంటే తరచూ శిలాజాన్నే అడగాలి. గుండ్రటి వాదం అనేవాళ్ల మాటలో ఉన్న పాలు నిజం అదే.

తెగేదాకా పరీక్ష జరిగింది మాత్రం సముద్రంలో. 1968 చివర్లో గ్లోమర్ చాలెంజర్ అనే డ్రిల్లింగ్ నౌక దక్షిణ అట్లాంటిక్‌లో నడిసముద్రపు పర్వతశ్రేణికి అటూ ఇటూ వరసగా బోర్లు దింపింది. సముద్రగర్భం మధ్యలో పుట్టి ఇరువైపులా జరుగుతోందన్న సిద్ధాంతం నిజమైతే, అడుగున ఉండే బసాల్ట్‌కు (లావా గట్టిపడిన రాయి) ఆనుకుని ఉన్న మొట్టమొదటి బురద శ్రేణి నుంచి దూరం పోయేకొద్దీ పాతదవ్వాలి. ఎంత పాతదో, ధ్రువాల తారుమార్లు సముద్రగర్భపు రాతిలో మిగిల్చిన అయస్కాంత చారల లెక్క ముందే చెప్పింది. నౌక మీదున్న శిలాజ శాస్త్రవేత్తలు గుల్లలను చూసి వయసులు కట్టారు. రెండూ ఒకే సరళరేఖ మీదికి వచ్చాయి, ఏడాదికి ఒక్కో వైపు సుమారు 2 సెంటీమీటర్లు. ఆ లెక్కన శ్రేణికి 1,000 కిలోమీటర్ల దూరంలో 5 కోట్ల ఏళ్ల బురద దొరకాలి. రెండు వేర్వేరు దారుల్లో బయల్దేరిన లెక్కలు ఇలా కలవడం కాకతాళీయం అనుకోవడం కష్టం.

ఎల్ కెఫ్ గుడ్డి పరీక్ష: ఒకే రాయి, నలుగురు చూపరులు

శాస్త్రవేత్తల మధ్య అసలైన తగాదా ఏళ్ల గురించి కాదు, ఒక జాతి కనబడకపోవడం గురించి. ఇటలీలోని గుబియో పట్టణం పక్కన లోయలో సున్నపురాయి పొరల మధ్య ఒకటి రెండు సెంటీమీటర్ల బంకమట్టి పట్టీ ఉంది. దాని కింద పెద్దపెద్ద, అలంకారాలున్న తేలే ఫొరామినిఫెరా. పైన సూదిమొనంత చిన్నవి మాత్రమే. ఆ చిన్నవాటిలో ఒక జాతికి ఆ ఊరి ప్రాచీన నామం మీదే యూగుబినా అని పేరు పెట్టారు. ఆ పట్టీలో, భూమి పైపొరలో అరుదుగా, గ్రహశకలాల్లో ఎక్కువగా ఉండే ఇరీడియం అనే లోహం మోతాదు అసాధారణంగా ఉందని 1980లో ఆల్వరెజ్ తండ్రీకొడుకులు, వాళ్ల సహచరులు ప్రకటించడంతో గ్రహశకలం సిద్ధాంతం మొదలైంది. డైనోసార్ల చివరి యుగమైన క్రెటేషియస్ ముగిసిన సరిహద్దు అది, 6.6 కోట్ల ఏళ్లది. అధికారిక ప్రమాణ స్థలం మాత్రం ట్యునీసియాలోని ఎల్ కెఫ్, అక్కడ పొరలు మరింత మందంగా ఉన్నాయి.

ఆ ఎల్ కెఫ్ గుల్లలను చూసి శాస్త్రవేత్త యాన్ స్మిట్ దాదాపు జాతులన్నీ సరిహద్దు దగ్గర ఒక్కసారిగా పోయాయన్నారు. అదే చోటి గుల్లలను చూసి మరో శాస్త్రవేత్త గెర్టా కెల్లర్ కాదన్నారు, మూడో వంతు దాకా ముందే పోయాయని ఆమె వాదన. గ్రహశకలం ఒక్కటే కారణమా, అప్పటికే సముద్రాలు కుదేలై ఉన్నాయా అన్న ప్రశ్న దీని మీదే ఆధారపడింది.

ఫిలిప్ సిగ్నర్, జెరె లిప్స్ 1982లో ఎత్తిచూపిన ఒక చిక్కు ఇక్కడ తగులుతుంది. అరుదైన జాతి తుది జాడ దాని అసలు అంతం కన్నా ముందే ఆగిపోయినట్టు కనబడుతుంది. పది సెంటీమీటర్లకొక నమూనా తీస్తున్నాం, ఒక జాతి సగటున పది నమూనాల్లో ఒకదాంట్లోనే దొరుకుతుంది అనుకోండి. అది సరిహద్దు దాకా బతికినా, మనకు చివరగా దొరికేది సగటున ఒక మీటరు కిందే. అరుదైన జాతులు ఇరవై ఉంటే ఒక్కోటి ఒక్కో లోతులో ఆగుతుంది. ఒక్కరోజులో చచ్చినవి కూడా మెల్లమెల్లగా చచ్చినట్టు కనబడతాయి.

తగవు తీర్చడానికి భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ గిన్స్‌బర్గ్ ఒక ఉపాయం చేశారు. ఎల్ కెఫ్ నుంచి కొత్తగా నమూనాలు తెప్పించి, ఏది ఎక్కడిదో చెప్పకుండా నలుగురు నిపుణులకు ఇచ్చారు. ఫలితాలు 1997లో అచ్చయ్యాయి. నలుగురికీ కొన్ని జాతులు సరిహద్దుకు ముందే ఆగిపోయినట్టు కనబడింది. కానీ ఏ జాతులన్న దాంట్లో పొత్తు కుదరలేదు. నలుగురి జాబితాలూ కలిపితే చాలా జాతులు సరిహద్దు దాకా వచ్చేశాయి. స్మిట్ ఇది సిగ్నర్-లిప్స్ ప్రభావమే, నా మాటే నిలిచిందన్నారు. ప్రతి ఒక్కరికీ ముందస్తు నష్టం కనబడింది కదా, నా మాటే నిలిచిందని కెల్లర్. కలిపిన జాబితా స్మిట్ వైపే మొగ్గుతుందని నాకనిపిస్తుంది. కాని నాకు అంతకన్నా పెద్ద సంగతిగా తోచేది వేరు: నలుగురు ఆరితేరిన నిపుణులు ఒకే పొడిలోంచి నాలుగు వేర్వేరు జాబితాలు తీశారు. పేర్లు పెట్టడంలో తేడాలు, ఎంతసేపు వెతికారన్న తేడాలు అన్నీ అందులో ఉన్నాయి.

సరిహద్దుకు పైన దొరికే క్రెటేషియస్ గుల్లల మీదా ఇదే గొడవ. అవి బతికి బయటపడినవా, పాత బురద లేచి కలిసినవా? దీనికి ఒక దారి ఉంది. గుల్లలోని ఆక్సిజన్, కార్బన్ ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) అది పెరిగిన నాటి నీటి గుణం పట్టి ఇస్తాయి. పక్కనున్న కొత్త జాతుల గుల్లలతో అవి కలిస్తే బతికినదే, కలవకపోతే కొట్టుకొచ్చినది.

ఒకే జాతి, కొన్నిచోట్ల ముందు, కొన్నిచోట్ల వెనక

ఒక జాతి తొలి జాడ ప్రపంచమంతటా ఒకే సమయంలో పడుతుందా? ఎమిలియానియా హక్స్‌లీ అనే కోకోలిథ్ జాతి ఈ ప్రశ్నకు రెండు జవాబులూ ఇస్తుంది. దాని తొలి జాడ సుమారు 2.9 లక్షల ఏళ్ల నాటిది, వేర్వేరు సముద్రాల్లో దాదాపు ఒకే కాలానికి వస్తుంది. నమ్మొచ్చు. అదే జాతి మిగతావాటిని మించి రాజ్యమేలడం మొదలైన కాలం మాత్రం ఉష్ణ సముద్రాల్లో సుమారు 85 వేల ఏళ్లు, కొంచెం చల్లటి నీళ్లలో సుమారు 73 వేల ఏళ్లు. రెండో గుర్తుతో పొరలను జతచేస్తే 12 వేల ఏళ్ల తప్పు వస్తుంది. ఆక్సిజన్ ఐసోటోపుల రేఖతో పోల్చి చూస్తే గాని ఈ తేడా బయటపడలేదు.

ఇదే మాట పెద్ద సరిహద్దుల దగ్గర వాదనగా మారుతుంది. పెర్మియన్, ట్రయాసిక్ యుగాల సరిహద్దును 2001లో చైనాలోని మెయిషాన్‌లో హిండియోడస్ పార్వస్ అనే కోనోడాంట్ తొలి జాడతో ఖాయం చేశారు. దానికి కిందా పైనా బూడిద పొరలున్నాయి, ఆ జిర్కాన్ల మధ్య తేడా సుమారు 60 వేల ఏళ్లే. 25.19 కోట్ల ఏళ్ల వెనక్కి వెళ్లి ఇంత సన్నటి కిటికీ దొరకడం అబ్బురమే. అయితే ఆ జాతి అన్నిచోట్లా అదే క్షణాన దిగిందని చెప్పలేం కదా, కార్బన్ ఐసోటోపుల మార్పు లాంటి రసాయన గుర్తే మేలు అనేవాళ్లున్నారు. రసాయన గుర్తుకు పేరు ఉండదు, ఒక వంపు ఇంకో వంపులాగే ఉంటుంది, అది ఏ వంపో చెప్పడానికి మళ్లీ శిలాజమే కావాలి అనేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి మాటా సబబే. పద్ధతి ప్రకారం సరిహద్దు కోనోడాంట్‌లో లేదు, మెయిషాన్ రాతిలో గుర్తు పెట్టిన బిందువులో ఉంది. కోనోడాంట్ ఆ బిందువును మిగతా ప్రపంచంలో వెతకడానికి పనికొచ్చే ఆనవాలు.

ఆనవాలు అబద్ధమాడితే అన్న సంగతీ చెప్పుకోవాలి. 1980ల చివర్లో హిమాలయ శిలాజాల కుంభకోణం బయటపడింది. హిమాలయాల్లో దొరికాయని ఒక ప్రొఫెసర్ ఏళ్ల తరబడి ప్రచురించిన కోనోడాంట్లు, న్యూయార్క్ రాష్ట్రంలోని ఆమ్స్‌డెల్ క్రీక్ అనే చోట దొరికేవాటితో అచ్చుగుద్దినట్టు ఉన్నాయని ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జాన్ టాలెంట్ ఆరోపించారు. ఆ వ్యాసాల మీద ఆధారపడి పొరల వయసు కట్టినవాళ్లందరి లెక్కలూ అనుమానంలో పడ్డాయి. అందుకే ఈ రంగంలో శిలాజం ఒక్కటే చాలదు. ఏ గట్టు మీద, ఏ పొరలో, ఎంత ఎత్తున తీశారో రాసి ఉండాలి, మళ్లీ వెళ్లి తీస్తే మళ్లీ దొరకాలి.

గుల్లలు దొరకని చోట

అన్ని రాళ్లూ ఇలా పలకవు. సముద్రం నాలుగైదు కిలోమీటర్ల లోతు దాటితే చాలాచోట్ల సున్నపు గుల్లలు కరిగిపోతాయి, అక్కడ సిలికా గుల్లల రేడియోలేరియాను నమ్ముకోవాలి. ఎడారి ఇసుకరాళ్లలో దాదాపు ఏమీ మిగలదు. సుమారు 54 కోట్ల ఏళ్లకు ముందటి రాళ్లలో సూక్ష్మ శిలాజాలున్నా, వాటి ఆకారాలు సాదావి, ఒక్కో జాతి మరీ ఎక్కువ కాలం బతికింది. పది కోట్ల ఏళ్ల తేడానైనా విడదీయడం కష్టం.

అలాంటి రాళ్ల దగ్గర మళ్లీ ఇసుకలోని జిర్కాన్లనే ఆశ్రయిస్తారు. వందల రేణువుల వయసు కట్టి అన్నిటిలోకీ కొత్తదాన్ని పట్టుకుంటారు. గోడ ఎప్పుడు కట్టారో ఇటుక చెప్పలేదు గాని, అందులోని అతి కొత్త ఇటుక కన్నా గోడ పాతది కాదని మాత్రం చెబుతుంది. ఎంత కొత్తదో చెప్పదు. ఒక్కోసారి రెంటి మధ్యా తేడా పది లక్షల ఏళ్లు, ఒక్కోసారి వంద కోట్లు.